సంప్రదాయ పార్టీలో గే ఆశావహుడికి ఎమ్మెల్యే టికెట్ ఇస్తారా? ముందే చెప్పాలా, దాచాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక జనరల్ సీటు. కుటుంబ విలువలు, సంప్రదాయం అని గట్టిగా చెప్పుకునే పార్టీ. పదేళ్లకు పైగా జెండా మోశారు, ఈసారి ఆశావహుల్లో మీ పేరు గట్టిగానే వినిపిస్తోంది. మీరు గే, పెళ్లి కాలేదు. మండల స్థాయిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దమనిషి "ఎలక్షన్ లోపల పెళ్లి చేసేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. టికెట్ పోతుందా, పార్టీకి ముందే చెప్పాలా, ఎవరైనా బయటపెడితే చట్టం కాపాడుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. టికెట్ పోయే ప్రమాదం ఉన్నమాట నిజం. పోతే ఓటరు వల్ల కాదు, మీ పార్టీలోనే అదే సీటు అడుగుతున్న ఇంకో ఆశావహుడి వల్ల పోతుంది. ఎన్నికల నియమాలు కొంతైనా అక్కరకొచ్చేది షెడ్యూల్ వచ్చాకే. అసలు దెబ్బ పడేది అంతకు ముందే. చెప్పాలి, కానీ పార్టీ మొత్తానికి కాదు, ఒక్కరికి. పెళ్లి మాత్రం వద్దే వద్దు.

ఇక వివరంగా.

"గే కాబట్టి ఇవ్వం" అని ఏ పార్టీలోనూ ఎవరూ నోటితో అనరు, కాగితం మీద అంతకన్నా రాయరు. పరిశీలకుడి నివేదికలో అది వేరే బట్టలు వేసుకుని వస్తుంది. "గెలుపు అవకాశాలు తక్కువ", "క్యాడర్ కలిసి రావడం లేదు", "కుటుంబ నేపథ్యం బలహీనం" అంటారు. నియోజకవర్గ ఇన్‌ఛార్జి నోట్లో అదే "మనిషి మంచోడే సార్, కష్టపడతాడు, కానీ..." అవుతుంది. ఆ "కానీ" తర్వాత ఏమీ చెప్పడు, చెప్పాల్సిన పని కూడా లేదు. మన జిల్లాలో దీనికి ఇంకో మాట తోడవుతుంది: "కొండ కింద ఉన్నాం, స్వామి సన్నిధి, మన దగ్గర ఇట్లాంటివి కుదరవు." ఇది వినడానికి భక్తిలా ఉంటుంది. అన్నవాడి బావమరిది అదే సీటుకు బయోడేటా ఇచ్చి ఉంటాడు, చూసుకోండి.

రెండో దారి ఆకాశరామన్న ఉత్తరం. పార్టీ రాష్ట్ర కార్యాలయానికి, జిల్లా అధ్యక్షుడికి, ఒకరిద్దరు విలేకరులకు ఒకేసారి వెళ్తుంది. ఇప్పుడు ఉత్తరానికి బదులు ఎవరిదో తెలియని నంబర్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో, కింద రెండు లైన్లు. ఇది ఎప్పుడొస్తుందో కూడా దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. సర్వేలు పూర్తయి, ముగ్గురి పేర్లతో జాబితా పైకి వెళ్లే వారం.

సర్వే మాట వచ్చింది కాబట్టి ఒకటి గమనించండి. ఫోన్ సర్వే ఓటరును "ఫలానా అభ్యర్థి అయితే 1 నొక్కండి, ఫలానా అయితే 2 నొక్కండి" అని మాత్రమే అడుగుతుంది. మీ ఇంటి సంగతి అడగదు. పార్టీ లోపల గుసగుసకు ఎదురు నిలిచే ఒకే ఒక్క వస్తువు ఆ సర్వే అంకె. రెండో స్థానంలో ఉన్నవాడికీ మీకూ తేడా గట్టిగా ఉంటే పైవాళ్లు చాలా వాటికి కళ్లు మూసుకుంటారు. ఒకటి రెండు శాతమే తేడా ఉంటే గుసగుసదే గెలుపు. అంటే ఈ వివక్ష ఎంత పని చేస్తుందనేది మీ సొంత బలాన్ని బట్టి మారుతుంది. అన్యాయమే. మిగతావాడికి పాస్ మార్కులు చాలు, మీకు ఫస్ట్ క్లాస్ కావాలి.

ఓటరు సంగతి. ఇక్కడి ఓటరు ఉదారవాది అని నేను చెప్పను. "తేడా", "ఆడంగోడు" అనే మాటలు ఏ టీ కొట్టు దగ్గరైనా వినబడతాయి. అయితే ఓటు వేసేటప్పుడు అడిగేది వేరే. 22ఏ (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల) జాబితాలో ఇరుక్కున్న భూమిని విడిపించింది ఎవరు, తోతాపురి రేటు పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర రైతులతో నిలబడింది ఎవరు, ఇంట్లో చావు జరిగితే దినం నాటికైనా వచ్చింది ఎవరు. మధ్యప్రదేశ్ ఓటర్లు హిజ్రా అయిన షబ్నం మౌసిని అసెంబ్లీకే పంపారు. 2015లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ మేయర్ ఎన్నికలో ట్రాన్స్‌జెండర్ అయిన మధు కిన్నర్ బీజేపీ అభ్యర్థినే ఓడించారు. మీకూ వాళ్లకూ తేడా ఉంది, కాదనను. వాళ్లు ఎవరో ఊరంతటికీ ముందే తెలుసు, బయటపెట్టడానికి అక్కడ ఏమీ లేదు. మీ విషయంలో ఎదుటివాడి చేతిలో ఆయుధం మీరు ఎవరన్నది కాదు, మీరు దాచారన్నది.

ఒక చిన్న హెచ్చరిక. మన తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి వేషం వేస్తారు కదా, ఈ ఊరికి ఇవన్నీ కొత్తా అని వాదించాలనిపిస్తుంది. ఆ వాదన పార్టీ సమావేశంలో ఎత్తకండి. వేషం వేసేవాడికి అది మొక్కు, అమ్మవారి సేవ. దాన్ని మీ జీవితంతో పోలిస్తే భక్తుడికి మనసు కష్టమవుతుంది, మీకేమో వాదనలో ఒక్క అంగుళం కూడా కలిసిరాదు.

పార్టీ వైఖరి ఎక్కడుంది. సంప్రదాయవాదుల మాట ఏళ్లలో మారింది, పూర్తిగా మారలేదు. 2013 డిసెంబరులో స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు నిలబెట్టినప్పుడు బీజేపీ అధ్యక్షుడిగా ఉన్న రాజ్‌నాథ్ సింగ్ దాన్ని సమర్థించారు. 2016లో ఆర్ఎస్ఎస్ నేత దత్తాత్రేయ హోసబళె ఇది నేరం కాదు గానీ సమాజ దృష్టిలో అనైతికం అన్నారు. 2023 జనవరిలో ఆర్ఎస్ఎస్ అధినేత మోహన్ భాగవత్ ఇలాంటివాళ్లు ఎప్పటినుంచో సమాజంలో ఉన్నారని, వాళ్లకూ తమదైన చోటు ఉండాలని చెబుతూ జరాసంధుడి సేనాపతులు హంస డింభకుల కథ ఎత్తారు. అదే ఏడాది కేంద్రం స్వలింగ వివాహాలను సుప్రీంకోర్టులో వ్యతిరేకించింది. అక్టోబరు 17న కోర్టు కూడా ఆ హక్కు ఇవ్వలేదు. వీటన్నిటినీ కలిపి చదివితే: మనిషి ఉండటాన్ని ఒప్పుకుంటారు, పెళ్లిని ఒప్పుకోరు, అభ్యర్థిత్వం గురించి ఎటూ చెప్పరు. ఎటూ చెప్పని చోటే మీకు కాస్త సందు. మీతో మాట్లాడే పెద్దాయన సంఘ్ నేపథ్యం ఉన్నవాడైతే ఆయనకు కోర్టు తీర్పుల కన్నా భాగవత్ మాట బాగా ఎక్కుతుంది. పక్క పార్టీలను ఉదాహరణగా చూపకండి. ఎన్సీపీ 2020లో ఎల్జీబీటీ విభాగం పెట్టింది, 2024లో శరద్ పవార్ వర్గం బాహాటంగా గే అయిన అనీష్ గవాండేను జాతీయ అధికార ప్రతినిధిని చేసింది. అవి పార్టీ పదవులు, టికెట్లు కావు.

బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ చరిత్ర మీకు పనికొచ్చే పాఠం, ఒక కారణానికి. 1988లో సెక్షన్ 28 తెచ్చింది ఆ పార్టీ ప్రభుత్వమే. స్థానిక సంస్థలు స్వలింగ సంబంధాలను ప్రోత్సహించకూడదని దాని సారాంశం. పదవిలో ఉన్న ఆ పార్టీ ఎంపీ ఒకరు, అలన్ డంకన్, తనంతట తాను గే అని చెప్పుకోవడానికి 2002 దాకా పట్టింది. 2009లో ఆ పార్టీ నాయకుడు డేవిడ్ కామెరాన్ సెక్షన్ 28కి క్షమాపణ చెప్పారు. 2013లో ఆయనే స్వలింగ వివాహ బిల్లు పెడితే, సొంత ఎంపీల్లో అనుకూలంగా వేసినవాళ్ల కన్నా వ్యతిరేకంగా వేసినవాళ్లే ఎక్కువ. అక్కడ అడ్డు ఎక్కడుండేదంటే, నియోజకవర్గంలోని పార్టీ సభ్యులే అభ్యర్థిని ఎంచుకుంటారు. లండన్ ఆఫీసు ఎంత చెప్పినా ఊళ్లోని పెద్ద వయసు సభ్యులు చేయెత్తాలి. మనకు అధిష్ఠానమే అన్నీ. ప్రజాస్వామ్యానికి అది మంచిది కాదు గానీ మీ ఒక్క అవసరానికి సులువే. వందమందిని ఒప్పించక్కర్లేదు, ఒకరిద్దరిని ఒప్పిస్తే చాలు.

ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి. ఇన్‌ఛార్జికి చెప్పకండి, జిల్లా అధ్యక్షుడికీ వద్దు. వాళ్లు మంచివాళ్లు కావచ్చు, కానీ టికెట్ ఇప్పించుకోవాల్సిన సొంత మనిషి వాళ్లకూ ఒకడు ఉంటాడు. మీ పేరు చివరి ముగ్గురిలో చేరాక, జాబితా బయటికి రాకముందు, టికెట్ మీద నిజంగా మాట చెల్లే వ్యక్తికి నేరుగా ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. మరీ ముందు చెబితే నాలుగు నెలల్లో నలభై చెవులు దాటుతుంది. చెప్పకుండా ఉంటే, ఆకాశరామన్న ఉత్తరం చేరిన రోజు "మనల్ని మోసం చేశాడు" అనే మాటకు మీరే చోటిచ్చినట్టు.

రెండు మూడు నిమిషాలు చాలు. పైవాడికి మీ మనసులో బాధ అక్కర్లేదు, ప్రమాదం లెక్క కావాలి. కేసులు లేవు, ఎవరి చేతిలోనూ వీడియో లేదు, ఎవరితోనూ డబ్బు తగాదా లేదు, ఇంట్లో తెలుసు, విలేకరి అడిగితే నేను చెప్పే మాట ఇదీ. ఈ ఐదూ నిజమై ఉండాలి. ఏదైనా నిజం కాకపోతే ముందు దాన్ని సరిచేసుకుని వెళ్లండి. ముఖ్యంగా ఇంట్లో. ఎదుటి వర్గం మొదట వెళ్లేది మీ నాన్న దగ్గరికే, అదీ సానుభూతి మొహంతో.

విలేకరికి చెప్పే మాట ఒక్క వాక్యం దాటకూడదు. "నా ఇంటి విషయం నా ఇంట్లో ఉంటది, నియోజకవర్గం లెక్క అడగండి, ఎంతసేపైనా చెప్తా." అవునని అనక్కర్లేదు, కాదని మాత్రం అనకండి. కాదన్న వీడియోనే రేపు మీ మీద వాడతారు.

పెళ్లి సలహా గురించి. ఇది ఎక్కువమంది ఇచ్చే సలహా, అన్నిటికన్నా చెడ్డదీ ఇదే. మొదటిది, ఒక అమ్మాయి జీవితం మీ బయోడేటాలో నింపాల్సిన ఖాళీ కాదు. ఆ ఒక్క కారణం చాలాలి. చాలకపోతే లెక్క చూడండి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద ముఖ్యమైన విషయం దాచి సమ్మతి తీసుకున్నారని ఆమె పెళ్లి రద్దు కోరవచ్చు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 85 కింద క్రూరత్వం కేసు పడితే అది మీ అఫిడవిట్లోకి ఎక్కుతుంది. అప్పుడు గుసగుస కాస్తా కోర్టు రికార్డు అవుతుంది, తప్పూ మీదే అవుతుంది.

పెళ్లికాని నాయకుడు మన రాజకీయాల్లో వింతేమీ కాదు, వాజ్‌పేయి పెళ్లి చేసుకోలేదు. ప్రచారంలో భార్య చేసే పనులకు మాత్రం ముందే ఏర్పాటు కావాలి. ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి ఓటడిగే పని అమ్మ, అక్క, వదిన తీసుకోవాలి, అదీ నోటిఫికేషన్‌కు ఆరు నెలల ముందు నుంచి. ఊళ్లో కల్యాణోత్సవానికి ఉభయదాతగా మీరుండి, పీటల మీద అన్నావదినలను కూర్చోబెట్టండి. చివరి నెలలో హడావిడిగా మొదలుపెడితే అందరికీ తెలిసిపోతుంది.

నామినేషన్ కాగితాలు. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లో మీ లైంగికత గురించి ఏ ప్రశ్నా లేదు. భార్య లేదా భర్త వివరాల గడిలో "వర్తించదు" అని రాయండి, ఖాళీ వదలొద్దు. గడులు ఖాళీగా వదిలి, చెప్పినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆధారపడినవాళ్లు అంటే రక్తసంబంధం లేదా వివాహబంధం ఉండి, సొంత ఆదాయం లేనివాళ్లు. మీ సహచరుడు ఆ నిర్వచనంలోకి రాడు, కాబట్టి ఆయన ఆస్తులు మీరు చూపక్కర్లేదు. ఇద్దరి పేరా ఫ్లాటో, హోమ్ లోనో, జాయింట్ ఖాతానో ఉంటే మీ వాటా చూపాల్సిందే. దాచితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల వరకు జైలు. అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో అందరికీ కనబడుతుంది, ఎదుటి పార్టీ లాయరు మొదట చదివేది అదే. కాబట్టి ఉమ్మడి ఆస్తి ఏదైనా విడదీయాలనుకుంటే రిజిస్ట్రేషన్‌తో సహా ఏడాది ముందే చేసుకోండి.

ఎన్నికల ఖర్చుకు తెరిచే ప్రత్యేక బ్యాంకు ఖాతా మీ ఒక్కరి పేరనైనా ఉండాలి, ఎలక్షన్ ఏజెంటుతో కలిపైనా ఉండాలి. ఇంకెవరితోనూ జాయింట్‌గా ఉండకూడదు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు తెరవాలి. సహచరుడిని డ్రైవరనీ పీఏ అనీ జనానికి పరిచయం చేయకండి. అది ఒక అబద్ధం, పైగా ఆయన్ని చులకన చేసే అబద్ధం. స్నేహితుడు అంటే చాలు.

పాత కేసు ఉందేమో తప్పక చూసుకోండి. 2018 సెప్టెంబరు 6కు ముందు 377 కింద నమోదై ఇంకా నడుస్తున్న కేసు ఉంటే, ఆ రోజు ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదన్న సుప్రీంకోర్టు నవతేజ్ సింగ్ జోహార్ తీర్పే, పెండింగ్ కేసుల్లోనూ తనను వాడుకోవచ్చని చెప్పింది. ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య విషయమైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 528 కింద హైకోర్టులో కొట్టివేత పిటిషన్ వేయండి. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పెండింగ్ కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటన ఇచ్చుకోవాలి. మీ ఖర్చుతో మీరే ఊరంతటికీ చెప్పుకున్నట్టు.

చట్టం ఎంతవరకు. టికెట్ హక్కు కాదు. 15వ అధికరణంలో "లింగం" అనే మాటలోకి లైంగికత కూడా వస్తుందని 2018 తీర్పు చెప్పినా, అది ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, పార్టీని కాదు. టికెట్ ఇవ్వలేదని రిట్ వేస్తే నిలబడదు.

బురద చల్లడం మీద ఉన్న ప్రసిద్ధ సెక్షన్ ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4). అభ్యర్థి వ్యక్తిగత నడవడి గురించి తెలిసి తెలిసీ అబద్ధం ప్రచారం చేయడం అవినీతి చర్య, రుజువైతే గెలిచినవాడి ఎన్నిక రద్దవుతుంది. పిటిషన్ 45 రోజుల్లో వేయాలి. మీ విషయంలో ఇందులో మూడు చిక్కులున్నాయి. చట్టం దృష్టిలో "అభ్యర్థి" అంటే నామినేషన్ పడినవాడు, కాబట్టి టికెట్ పోరు నాటి ప్రచారం దీని కిందికి రాదు. ఎదుటి అభ్యర్థి గానీ ఏజెంటు గానీ చేసినట్టు, లేదా వాళ్ల సమ్మతితో జరిగినట్టు మీరే రుజువు చేయాలి. మూడోది అన్నిటికన్నా పెద్దది: అది అబద్ధమని మీరు ప్రమాణం చేసి చెప్పాలి, తర్వాత బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. నిజాన్ని అబద్ధమని ప్రమాణం చేయకండి. పరువునష్టం దావాకూ ఇదే చిక్కు, పైగా గే అనిపించుకోవడం పరువు తక్కువేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

నిజమైనా అబద్ధమైనా పనిచేసేవి వేరే ఉన్నాయి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి మొదటి భాగంలోనే, ప్రజాజీవితంతో సంబంధం లేని వ్యక్తిగత జీవితాన్ని విమర్శించరాదని ఉంది. షెడ్యూల్ ప్రకటించిన రోజు నుంచి ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో, రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. కరపత్రం వస్తే అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ చూడండి. ముద్రించినవాడి, ప్రచురించినవాడి పేరు, చిరునామా లేని ఎన్నికల కరపత్రం వేయడమే నేరం, లోపలి విషయం నిజమా కాదా అన్న ప్రశ్నే రాదు. ఇలాంటి కరపత్రాల మీద పేరు వేసుకునే ధైర్యం ఎవరికీ ఉండదు, అందుకే ఈ సెక్షన్ చక్కగా పనికొస్తుంది. కరపత్రం ఒక్కటి కాదు, నాలుగైదు చోట్ల నుంచి తెప్పించి, ఎక్కడ ఎవరు ఏ టైముకు ఇచ్చారో రాసిపెట్టండి.

డబ్బు అడిగితే ఒక్క రూపాయీ ఇవ్వొద్దు. మొదటి చెల్లింపు రెండో దానికి రసీదు. బీఎన్ఎస్ 308 బెదిరింపు వసూలు, అంతరంగిక చిత్రాలైతే ఐటీ చట్టం 66ఈ, 67ఏ. మెసేజ్‌లు చెరపకండి, ఫోను ఫార్మాట్ చేయకండి, మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే కోర్టులో సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోను ఉండాలి. డేటింగ్ యాప్‌లో కొత్తగా పరిచయమై వారంలోనే వీడియో కాల్ అడిగేవాడు ఈ ఆరు నెలల్లో ప్రేమ కోసం రావడం లేదని అనుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి, జాబితాలో పేరు రావడంతో పని అయిపోదు. మా అభ్యర్థి ఇతనే అని పార్టీ ఇచ్చే బీ-ఫారం నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి, ఆ క్షణం దాకా పార్టీ మనిషిని మార్చొచ్చు. అసలు దుమారం లేపేది కూడా ఆ రెండు రోజుల్లోనే. అందుకని బీ-ఫారం చేతికొచ్చిన రోజే నామినేషన్ వేసేయండి, పంచాంగం చూసి చివరిరోజు ముహూర్తానికి ఆగొద్దు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి నియోజకవర్గ ఓటర్లు పదిమంది కావాలి. నాలుగు సెట్ల దాకా వేయొచ్చు కాబట్టి పదిమంది సంతకాలతో ఒక సెట్ సిద్ధంగా ఉంచుకోవడం తప్పు కాదు. కానీ దాన్ని వాడితే పార్టీ నుంచి సస్పెన్షన్ ఆ సాయంత్రమే వస్తుంది. ఆ పదిమందిలో చివరి నిమిషంలో "నా సంతకం కాదు" అని అధికారి ముందు చెప్పేవాడు ఒక్కడున్నా ఆ సెట్టు పోతుంది, మనుషుల్ని చూసి పెట్టుకోండి.